అడ్డం మర: టెలిస్కోపు ఫోను హోల్డరుతో నాలుగేళ్లు

టెలిస్కోపులో కన్ను ఆనించి చూసే కటకానికి, అంటే ఐపీస్‌కు, ఫోను బిగించే హోల్డరు ఇది. కొలతలు, బరువు, ఏ ఫోన్లకు సరిపోతుందన్నవి అమ్మే చోట రాసే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. దీనికి మూడు మరలు ఉంటాయి. ఒకటి ఫోనును పైకీ కిందికీ జరుపుతుంది, ఒకటి పక్కకు జరుపుతుంది, మూడోది ఐపీస్‌కు దగ్గరగానో దూరంగానో జరుపుతుంది. వీటిలో పక్కకు జరిపే మర గురించి చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను. 2021 మార్చిలో కొన్నాను. ఈ నాలుగేళ్లలో ఈ హోల్డరులో అరిగిపోయినవి ఉన్నాయి, ఎండిపోయినవి ఉన్నాయి. ఆ అడ్డం మర మాత్రం కొన్న రోజు ఎలా తిరిగిందో ఇవాళా అలాగే తిరుగుతోంది.

నేను అనంతపురం పాతూరులో బట్టలు కుడతాను. కుట్టు మిషను మీద దారం బిగువు సరిచేసే చిన్న చక్రం ఉంటుంది. మంచి మిషనులో దాన్ని గోరంత తిప్పితే గోరంతే మారుతుంది, చేయి తీశాక అక్కడే ఉంటుంది. నాసిరకం మిషనులో తిప్పినంతసేపు ఏమీ జరగదు, ఆ తరవాత ఒక్కసారిగా దారం తెగుతుంది. నా చేతికి ఆ తేడా చిన్నప్పటి నుంచి తెలుసు. ఈ హోల్డరు అడ్డం మరను మొదటిసారి తిప్పినప్పుడే ఇది మంచి మిషను చక్రం లాంటిదని తెలిసింది.

టెలిస్కోపు మా తమ్ముడిది. ఆరు అంగుళాల అద్దం, చేత్తో తిప్పుకునే చెక్క పీఠం, మోటారు లేదు. బెంగళూరు దీపాల వెలుగులో వాడికి అది పనికిరాక, ఒక సంక్రాంతికి కారులో వేసుకొచ్చి మా మిద్దె మీద పెట్టి వెళ్లాడు. మోటారు లేని టెలిస్కోపుతో ఫోటో తీయడమంటే జారిపోయేదాన్ని పట్టుకోవడమే. పది మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే ఈ గొట్టం 120 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. అప్పుడు చంద్రుడు కూడా పూర్తిగా పట్టడు. చేయి వదిలేస్తే ఏ గ్రహమైనా ఈ అంచు నుంచి ఆ అంచుకు రెండు నిమిషాల లోపే దాటిపోతుంది. ఐపీస్‌లోంచి వెలుగు బయటికి వచ్చే చోటు చూస్తే శనగగింజంత కూడా ఉండదు. ఫోను కెమెరా కన్ను సరిగ్గా ఆ వెలుగు మీద కూర్చోవాలి. వెంట్రుకవాసి పక్కకు జరిగినా తెర మీద ఒక పక్క నుంచి నల్లటి నీడ కమ్ముకొస్తుంది. అడ్డం మర విలువ అక్కడే తెలుస్తుంది. ఫోనును ఊడదీయకుండా, టెలిస్కోపును కదిలించకుండా, రెండు వేళ్లతో ఆ నీడను తోసేయవచ్చు.

దీనికి మొదటి పరీక్ష 2021 ఏప్రిల్ 17న వచ్చింది. ఉగాది వెళ్లిన నాలుగో రోజు, చైత్ర శుద్ధ పంచమి. ఆ సాయంత్రం చంద్రుడు అంగారకుడికి అడ్డు వచ్చాడు. మన దేశంలో చాలా చోట్ల కనిపించే ఘటన అది. అనంతపురంలో ఆ వేళకు పంచమి చంద్రుడు దాదాపు నడినెత్తిన ఉన్నాడు, సూర్యుడు ఇంకా పడమట ఉన్నాడు. టెలిస్కోపును మెట్ల గది గోడ నీడలో పెట్టాను. ఎండ ఉండగా గొట్టం పొరపాటున కూడా సూర్యుడి వైపు తిరగకూడదు, అందుకే నీడ చాటు. పెరిగే చంద్రుడికి ముందు నడిచేది చీకటి అంచు. పగటి నీలంలో ఆ అంచు అసలు కనబడదు. కాబట్టి అంగారకుడు తెల్లటి నెలవంకకు ఇంకా ఎంతో దూరంలో ఉండగానే ఆకాశంలోనే ఆరిపోవాలి. ఆ ఆరిపోవడాన్ని ఫోనులో పట్టాలని నా ఆశ.

పట్టలేకపోయాను. ఏప్రిల్ ఎండకు మిద్దె పెనంలా ఉంది. పది నిమిషాలు వీడియో తీసేసరికి ఫోను వేడెక్కి, చల్లారేదాకా కెమెరా తెరవనని మొరాయించింది. తడిగుడ్డ తెచ్చి ఫోను వీపు మీద కప్పాను. కెమెరా మళ్లీ తెరుచుకునేసరికి అంగారకుడు చంద్రుడి చాటుకు వెళ్లిపోయాడు. పొద్దు కుంకాక, మసక చీకటిలో, అవతలి వైపున్న తెల్లటి అంచు నుంచి బయటపడ్డాడు. అప్పుడు దొరికాడు, కుంకుమ రేణువంత. ఆ రాత్రి తమ్ముడికి ఫోను చేసి, ఈ హోల్డరు రాయిలా పట్టుకుంటుందని, కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చని చెప్పాను. నిజంగానే అలా అనిపించింది. ఆ మాటలో కొంత ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి, ఎందుకంటే మూడేళ్ల తరవాత శని వచ్చాడు.

2024 జులై 24 అర్ధరాత్రి దాటాక, అంటే 25వ తేదీ మొదటి గంటల్లో, చంద్రుడు శనిని కప్పేశాడు. ఆషాఢ బహుళ చవితి, సంకష్టహర చవితి. మా అమ్మ ప్రతి నెలా ఆ రోజు ఒక్కపొద్దు ఉండి, చంద్రుడు వచ్చాక మిద్దె ఎక్కి దణ్ణం పెట్టుకుని అప్పుడు అన్నం తింటుంది. ఆ రాత్రి ఆమె తిని పడుకున్నాక నేను టెలిస్కోపు సర్దుకున్నాను. జులైలో మా వైపు గాలి సంగతి ఇక్కడివాళ్లకు చెప్పనక్కరలేదు. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. మబ్బులు వరసగా పోతున్నాయి, నడుమ నడుమ ఖాళీలు. ఒక్కో ఖాళీ రెండు నిమిషాలు, కొన్ని ఐదు నిమిషాలు. వాటి మీదే ఆశ పెట్టుకున్నాను.

పన్నెండున్నరకు ఫోను బిగించి ఒక చిన్న వీడియో తీసి చూసుకున్నాను. చంద్రుడి అంచు బాగా వచ్చింది. ఆ తరవాత పెద్ద గాలి ఒకటి కొట్టింది. గొట్టం వణికింది, తెర నల్లగా అయిపోయింది. మబ్బేమో అనుకుని తల ఎత్తితే చంద్రుడు నిండుగా ఉన్నాడు. ఫోనే దవడల నడుమ కిందికి జారింది. దీపం వేసి చూస్తే, ఫోనును పట్టుకునే రెండు దవడల లోపలి రబ్బరు ఎండి, పగిలి, వేలితో రుద్దితే పొడిగా రాలుతోంది. నాలుగు ఎండాకాలాలు మిద్దె మీది గదిలో ఉన్న రబ్బరు అది. అమ్మినవాళ్లు ఆ రబ్బరు విడిగా ఇవ్వరు. ఆ తరవాత అడిగి చూశాను, కొత్త హోల్డరు కొనుక్కోమన్నారు. అంత చక్కటి మర చేసినవాళ్లు ఫోను తాకే చోట ఇంత పేలవమైన రబ్బరు వేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

కిందికి దిగి దుకాణం తలుపు తీశాను. ప్యాంటు నడుము పట్టీ లోపల, చొక్కా పైకి లేవకుండా ఒక పట్టీ కుడతారు. దాని మీద రబ్బరు గీతలు వరసగా ఉంటాయి. మా నాన్న ప్యాంట్లు కుట్టిన రోజుల నాటి చుట్ట ఒకటి సొరుగులో మిగిలి ఉంది. నాలుగు వేళ్ల పొడవు ముక్కలు రెండు కత్తిరించి, దవడల మీద వేసి, సన్న ఎలాస్టిక్‌తో చుట్టి ముడి వేశాను. ఈ అలికిడికి అమ్మ లేచి వచ్చింది. “నేను పొద్దు విడిచి మూడు గంటలైంది, నీకింకా చంద్రుడు చాలలేదామ్మా?” అంది. చంద్రుడి వెనక్కి శని వెళ్తున్నాడు, దీపం పట్టుకుని రా అన్నాను. మారు మాట్లాడకుండా కొంగు నడుముకు దోపుకుని మెట్లెక్కింది.

ఫోను మళ్లీ బిగించాను కానీ పట్టీ మందం వల్ల అది పాత చోట కూర్చోలేదు. తెర మీద కుడి సగం నల్లగా ఉంది. ఐపీస్‌లో చూస్తే శని చంద్రుడి అంచుకు ఆనుకోబోతున్నాడు. అన్నీ విప్పి మొదటి నుంచి సర్దుకునే వ్యవధి లేదు. అడ్డం మర పట్టుకుని తిప్పాను. రెండు చుట్లు. నల్ల నీడ తలుపు తెరుచుకున్నట్టు కుడివైపుకు తప్పుకుంది, చంద్రుడి అంచు మొత్తం తెర మీదికి వచ్చింది. చేయి తీశాను. ఆ గాలిలో కూడా మర ఎక్కడిదక్కడే ఉంది. ఈ నాలుగేళ్లలో నాకు ఈ వస్తువు మీద నమ్మకం కుదిరిన క్షణం అదే.

ఇక వెలుగు సంగతి. శని సూర్యుడికి మనకంటే తొమ్మిదిన్నర రెట్లు దూరంలో ఉంటాడు కాబట్టి అక్కడ పడే ఎండ మన చంద్రుడి మీద పడే ఎండలో తొంభయ్యో వంతు. శని మబ్బులు చంద్రుడి నేల కంటే ఎక్కువ వెలుగును తిప్పి పంపుతాయి, అయినా చంద్రుడి పక్కన శని మసకే. పైగా తరిగే చంద్రుడికి ముందు నడిచేది వెలుగు అంచు. ఫోనును దాని ఇష్టానికి వదిలితే ఒకసారి చంద్రుడిని, ఒకసారి శనిని ఎంచుకుంటూ తెరను మిణుకుమిణుకుమనిపిస్తుంది. తెర మీద శని ఉన్న చోట వేలు అదిమిపెట్టి వెలుగును బంధించాను. చంద్రుడు తెల్లగా మండిపోయాడు. పోనీ అనుకున్నాను, చంద్రుడు ప్రతి నెలా వస్తాడు.

నక్షత్రమైతే చంద్రుడి అంచు తాకగానే ఠక్కున ఆరిపోతుంది, అది చుక్క కాబట్టి. శనికి వెడల్పు ఉంది. వలయాల ఈ కొస నుంచి ఆ కొస దాకా మరుగు కావడానికి నిమిషానికి పైగా పడుతుంది. ఆ ఏడాది వలయాలు దాదాపు అంచు మీద నిలబడ్డాయి కాబట్టి శని నా కంటికి సూదికి గుచ్చిన పూసలా కనిపించాడు. ముందు సూది మొన పోయింది. తరవాత పూస కాస్త కాస్త కొరుక్కుపోయింది. అమ్మ ఐపీస్‌లో చూడలేకపోయింది కానీ ఫోను తెర మీద చూస్తూ, “వెళ్తున్నాడు, వెళ్తున్నాడు” అని నెమ్మదిగా అంటూనే ఉంది. ఆ వీడియోలో ఆమె గొంతు కూడా ఉంది. అందుకే దాన్ని కత్తిరించకుండా అలాగే దాచుకున్నాను.

బయటికి రావడం దొరకలేదు. సుమారు గంట తరవాత చీకటి అంచు నుంచి శని రావలసిన వేళకు మబ్బు దట్టంగా పట్టేసింది. దానికి హోల్డరు ఏం చేస్తుంది?

తరవాత ఆ వీడియోను ఫోటోలుగా విడదీశాను. సెకనుకు ముప్ఫై చొప్పున, మరుగైన ఆ కొద్ది సేపటికే రెండు వేలు దాటాయి. గాలికి, మిద్దె కాంక్రీటు వదిలే వేడికి చాలా వరకు నీళ్లలో చూసినట్టు వంకర్లు పోయాయి. బాగున్నవి పదకొండు తేలాయి. వాటిలో ఒకదానిలో సగం శని, ఒక వైపు వలయం, చంద్రుడి తెల్లటి అంచు మీద కూర్చుని ఉన్నాయి. పెద్ద టెలిస్కోపు ఉన్నవాళ్లు చూస్తే అది చిన్న మచ్చలా కనిపిస్తుందేమో. నాకు అందులో వలయం కనబడుతుంది.

ఇప్పుడు కొనాలా వద్దా అంటే, నా పరిస్థితిని బట్టి చెప్పగలిగేది ఇంతే. నాది పాత చిన్న ఫోను, తేలిక, వెనక ఒకే కెమెరా. మొన్న దసరాకు తమ్ముడు తెచ్చిన పెద్ద ఫోనును ఇందులో పెడితే బరువుకు ఒక పక్కకు ఒరిగింది. దాని వెనక మూడు కెమెరాలు ఉండడంతో, పెద్దది చేసి చూడబోగానే అది తనంతట తానే ఒక కన్ను వదిలి ఇంకో కన్నుకు మారిపోయింది. అలాంటప్పుడు అడ్డం మర ఎంత మంచిదైనా పనికిరాదు. రాయిలా పట్టుకుంటుందన్న నా పాత మాట తేలిక ఫోనుకు, గాలి లేని రాత్రికి, కొత్త రబ్బరుకు మాత్రమే వర్తిస్తుంది. నిలువు మర కూడా రెండో ఏటికే వదులై, నీళ్ల పైపులకు చుట్టే తెల్ల టేపు చుట్టాక గానీ నిలవలేదు. మోటారు పీఠం, విడి కెమెరా ఉన్నవాళ్లకు దీని అవసరమే రాదు. నాలాగా చేత్తో తిప్పే టెలిస్కోపు, చేతిలో ఉన్న ఫోను, మిద్దె ఉన్నవాళ్లయితే తీసుకోవచ్చు. తీసుకున్న రోజే రబ్బరు పీకి, దర్జీ సామాను అమ్మే చోట ఆ నడుము పట్టీ ఒక మూర కొనుక్కుని వేసుకోండి. నేను వేసిన ముక్కలు ఏడాది దాటినా ఇంకా పగల్లేదు.