లక్నవరం బోటింగ్‌కు ఏ వాకీటాకీ సెట్ మేలు: మెరైన్‌దా, హామ్‌దా, లైసెన్స్ అక్కర్లేనిదా?

ఇంగ్లండ్‌లో ఉండే మా బామ్మర్ది దసరాకు హన్మకొండ వచ్చినప్పుడు పెట్టెలోంచి పసుపుపచ్చ సెట్ ఒకటి తీశాడు. మెరైన్ వీహెచ్ఎఫ్, అంటే పడవల్లో వాడే వాకీటాకీ. నీళ్ల బకెట్లో పడేస్తే బుడుంగున మునిగి మళ్లీ పైకి తేలింది. "బావా, లక్నవరం పోయేటప్పుడు ఇది పట్టుకపోదాం" అన్నాడు. వద్దన్నాను.

సెట్ మంచిదే. దాని వెనకున్న ఏర్పాటు ఇంకా మంచిది. ఇంగ్లండ్‌లో పడవకు రేడియో లైసెన్స్ ఉండాలి, అది అక్కడ రేడియో వ్యవహారాలు చూసే సంస్థ ఆఫ్‌కామ్ ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఇస్తుంది. వాడే మనిషికి వేరుగా ఎస్ఆర్‌సీ అనే, సెట్ వాడటం వచ్చని చెప్పే సర్టిఫికెట్ కావాలి. పదహారేళ్లు నిండినవాళ్లు ఒకరోజు క్లాసు విని పరీక్ష రాస్తారు. అక్కడ ముఖ్యంగా నేర్పేది మాట్లాడటం. ప్రాణాపాయంలో ఉన్నామని చెప్పే 'మేడే' మాట మూడుసార్లు, పడవ పేరు, ఎక్కడున్నాం, ఏమైంది, ఎంతమందిమి. మునిగిపోతున్నవాడు కూడా ఈ వరుస తప్పకుండా చెప్పాలి. డీఎస్‌సీ, అంటే మీట నొక్కితే ఆపద కబురు దానంతటదే పంపే ఏర్పాటు, ఉన్న సెట్లో మూత కింద ఎర్ర మీట ఉంటుంది. కొన్ని సెకన్లు నొక్కిపడితే పడవకిచ్చిన తొమ్మిదంకెల నంబరు, ఉన్న చోటు 70వ ఛానెల్లో వెళ్తాయి. ఆ తర్వాత ఆపదలో పిలిచే 16వ ఛానెల్లో నోటిమాట. అవతల కోస్ట్‌గార్డ్ రాత్రీ పగలూ వింటూ ఉంటుంది.

లక్నవరంలో 16వ ఛానెల్ మీద ఎంత మొత్తుకున్నా వినేవాడు లేడు, కొంగలు తప్ప. పైగా మన దేశంలో లైసెన్స్ లేకుండా ఆ సెట్ వాడితే నేరం.

ఇక హామ్, అంటే లైసెన్స్ తీసుకుని సరదా కొద్దీ నడిపే రేడియో. పన్నెండేళ్లు నిండితే పరీక్ష రాయొచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ అనే కింది స్థాయికి మోర్స్ (టిక్కుటిక్కుమనే చుక్కలూ గీతల భాష) అక్కర్లేదు, రేడియో సిద్ధాంతం, నియమాలు చదివితే చాలు. వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్, అంటే రేడియోలో మనల్ని గుర్తించే పేరు, ఇస్తారు. నేర్చుకోవాలనే కోరిక ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఇదే. చిక్కేమిటంటే అవతలివాళ్లకూ లైసెన్స్ ఉండాలి. నాకొక్కడికే ఉంటే గట్టు మీద కూర్చున్న మా ఆవిడతో మాట్లాడేదెట్లా?

కుటుంబంతో పోయేవాళ్లకు 446 మెగాహెర్ట్జ్ సెట్లే మేలు. 2018 నుంచి మన దగ్గర వీటికి లైసెన్స్ అక్కర్లేదు. కానీ 446.0 నుంచి 446.2 మధ్యే పనిచేయాలి, అర వాట్ దాటకూడదు. ఆన్‌లైన్‌లో దొరికే చవక సెట్లు చాలావరకు ఈ లెక్కలోకి రావు. ప్రభుత్వ ఆమోదం ఉందో లేదో చూసే కొనాలి. ఎదురుగా నీళ్లే ఉంటే మాట బాగానే అందుతుంది, మధ్యలో చెట్లున్న దీవి అడ్డొస్తే గరగర మొదలు. ఇవి తేలవు కూడా. మా మొదటి సెట్ మానేరు నీళ్లలో జారిపడి ఇక కనబడలేదు. ఇప్పుడు జిప్ కవర్లో వేసి మెడకు తాడు కడుతున్నాం. ఒక సెట్ గట్టు మీద ఫోన్ ఉన్నవాళ్ల చేతిలో ఉండాల్సిందే, 112కు కొట్టేది వాళ్లే.

పసుపుపచ్చ సెట్ వచ్చిన పెట్టెలోనే తిరిగి వెళ్లిపోయింది. 'మేడే' వరుస మాత్రం పోయేలోపు పిల్లలిద్దరికీ బామ్మర్దే నేర్పాడు. చిన్నది పడవ పేరు చెప్పమంటే ప్రతిసారీ మా స్కూటీ నంబరు చెబుతోంది.