ట్రాన్స్‌జెండర్ రిజర్వేషన్: బీసీ జాబితాలోనా, సమాంతరంగానా?

ట్రాన్స్‌జెండర్లను సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడినవాళ్లుగా చూసి చదువుల్లో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఇవ్వమని 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2019లో పార్లమెంటు చేసిన చట్టం మాత్రం ఆ ఊసే ఎత్తలేదు. దాంతో రాష్ట్రాలు తలో దారి పట్టాయి. కర్ణాటక 2021లో ప్రభుత్వ ఉద్యోగాల్లో 1 శాతం సమాంతర కోటా, అంటే ప్రతి కుల కేటగిరీ లోపలా కొంత వాటా, పెట్టింది. మధ్యప్రదేశ్ 2023లో వాళ్లను ఓబీసీ జాబితాలో చేర్చింది.

జాబితాలో చేర్చడం తేలిక. కొత్త కోటా అన్న గొడవ రాదు. కానీ లాభం ఎవరికి? పుట్టుకతోనే బీసీ అయిన హిజ్రాకు కొత్తగా ఒరిగేది సున్నా. మాదిగ ఇంట పుట్టిన ట్రాన్స్ మహిళ ఎస్సీగానే ఉండిపోతే ఆమె ట్రాన్స్ అన్న సంగతి లెక్కలోకే రాదు, బీసీలోకి మారితే ఎస్సీ హక్కులు పోతాయి. నికరంగా బాగుపడేది ఓసీలే. పైగా మన దగ్గర బీసీల్లోనే ఎ నుంచి ఇ దాకా ఐదు గ్రూపులు. ఎందులో పెడతారు? జెండర్‌ను కులంగా చూడటమే తప్పని 2024లో మద్రాసు హైకోర్టు కూడా అంది.

సమాంతర కోటా అంటే గ్రూప్స్‌కి చదివేవాళ్లకు చెప్పనక్కర్లేదు, మహిళల కోటా లాంటిదే. ఎస్సీ పోస్టుల్లో ఎస్సీ ట్రాన్స్, బీసీ పోస్టుల్లో బీసీ ట్రాన్స్. ఎవరి కులం వాళ్లకు ఉంటుంది, దాని మీద ఇది అదనం. నా ఓటు దీనికే.

అయితే 1 శాతం లెక్క వేసి చూడండి. ఎస్సీలకు 15 శాతం ఉన్నచోట ఒక్క ఎస్సీ ట్రాన్స్ పోస్టు తేలాలంటే నోటిఫికేషన్‌లో దాదాపు 670 పోస్టులుండాలి. అంత పెద్దవి ఏడాదికెన్ని వస్తాయి? ఇల్లు వదిలి హిజ్రా గురువు దగ్గర చేరినవాళ్లలో కుల ధ్రువపత్రం లేనివాళ్లూ ఉంటారు, వాళ్లకు మిగిలేది ఓపెన్ కోటాయే. ఈ ఒక్క విషయంలో జాబితా పద్ధతే నయం. పత్రం లేనివాళ్లను తమిళనాడు ఎంబీసీల్లో (అత్యంత వెనుకబడిన తరగతుల్లో) లెక్కగట్టింది.

కర్ణాటక నిబంధనలో నాకు నచ్చనిది ఇంకోటి ఉంది. అర్హులు దొరక్కపోతే ఆ పోస్టు అదే కేటగిరీలోని మగవాళ్లకో ఆడవాళ్లకో పోతుంది. మన ఎమ్మెల్యేలు బిల్లు తెస్తే ఆ వాక్యం తీసేసి, మిగిలిన పోస్టు తర్వాతి నోటిఫికేషన్‌కు జమ అవుతుందని రాయాలి. చిల్లర భిన్నాలన్నీ కలిపి కనీసం ఒక పోస్టుగా లెక్కించాలని కూడా.