మోనే బొమ్మకి కాన్వాస్ ప్రింటు: బరంపురంలో నా అనుభవం

ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే 1875లో వేసిన ‘గొడుగుతో స్త్రీ’ని మా పట్టుచీరల కొట్టు గోడకి కాన్వాస్ మీద వేయించాను. పెద్ద బజారు దగ్గర ఒక డిజిటల్ ప్రింటు షాపు, పేరెందుకులెండి. అసలు బొమ్మ ఎత్తు 100 సెంటీమీటర్లు. నాది అందులో సగం, 20 అంగుళాలు. ఫ్రేముతో కలిపి రూ. 1,650. ఫైలు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది.

మొదటి ప్రింటు చూసి ఒళ్ళు మండింది. మోనే భార్య కమీల్ మొహాన్ని పెళ్ళి ఆల్బంలో పెళ్ళికూతురిలా తెల్లగా తోమేశారు. “నల్లగా ఉంది కదక్కా, కొంచెం కళ తెచ్చాను” అన్నాడు కంప్యూటర్ దగ్గర కుర్రాడు. బాబూ, ఎండ ఆవిడ వెనకనుంచి వస్తోంది! మనం దిగువన గడ్డిలో ఉండి తలెత్తి చూస్తున్నాం. మొహం నీడలోనే ఉండాలి, మేలిముసుగు గాలికి దాని మీదుగా ఎగరాలి. ఆ నీడ తీసేస్తే ఫొటోకి నిలబడ్డ మనిషైపోతుంది. నడుస్తూ నడుస్తూ ఒక్కసారి మనవైపు తిరిగిన ఆ చూపు పోతుంది. బొమ్మ వేసిన నాలుగేళ్ళకే, 32 ఏళ్ళకి, ఆవిడ చనిపోయింది. అది తెలిసినదాన్ని కనక నాకు మరీ చిరాకేసింది.

ఇక తెలుపు. ఆ గౌనులో అచ్చ తెలుపు ఎంతో లేదు. మడతల్లో నీలం, ఊదా, బూడిద. మోచెయ్యి అడుగున గడ్డిపూల పసుపు. గొడుగు లోపలివైపు ఆకుపచ్చ. పడుగొక రంగు, పేకొక రంగు పెట్టి నేసిన పట్టు చూపినట్టే, దగ్గరికెళ్తే విడివిడి గీతలు, రెండడుగులు వెనక్కొస్తే ఎండ. మొదటి ప్రింటులో ఇదంతా ఒకే తెలుపు.

రెండోది పైసా అడక్కుండా వేసిచ్చారు, అందుకు మెచ్చుకోవాలి. నీడ వచ్చింది, మోచేతి పసుపు వచ్చింది, వెనక నడుము దాకా గడ్డిలో ఉన్న కొడుకూ తేటగా ఉన్నాడు. గడ్డి ఒక్కటే కాస్త ముదిరింది. ఫ్రేము దండగ: బంగారురంగు ప్లాస్టిక్, మూలల్లో సందులు. చెక్కది వేరేచోట కట్టించుకోండి. అద్దం వద్దు, ట్యూబులైటు పడితే ఏమీ కనపడదు.

‘కలర్ కరెక్షన్ వద్దు’ అని ఆర్డరు చీటీ మీద రాయించండి. చిన్న ముక్క టెస్ట్ ప్రింటు అడిగితే తీస్తారు. పెళ్ళిళ్ళ సీజన్లో మాత్రం వెళ్ళకండి, ఆల్బంల పనిలో మీ మాట వినే తీరిక వాళ్ళకుండదు.