గ్లాక్ 43ఎక్స్: ఇన్నేళ్లు రోజూ నడుముకి పెట్టుకుని తిరిగాక నా మాట

డల్లాస్‌కి ఉత్తరాన ఒక గ్యాస్ స్టేషన్, దాన్ని ఆనుకుని ఉన్న స్టోర్ నడుపుతున్నాను. రాత్రి షాపు మూసి, క్యాష్ తీసుకుని కారు దాకా నడిచేది నేనే, అందుకే గన్ నాకు సరదా వస్తువు కాదు. గ్లాక్ 43ఎక్స్ అనే ఈ పిస్టల్ 2019 జనవరిలో వచ్చింది. నేను ఆ మరుసటి ఏడాది కొన్నాను. అప్పట్నుంచీ నిద్రపోయేటప్పుడూ, గన్ తీసుకెళ్లకూడని చోట్లకి వెళ్లినప్పుడూ తప్పితే అది నా నడుము మీదే ఉంది. మనవాళ్లు చాలామంది నన్ను అడిగేది "ఏ గన్ కొనాలి" అని. నేను మాత్రం రోజంతా ఒంటి మీద ఉంచుకోగలిగే గన్ ఏదో చూసుకోమంటాను, ఎందుకంటే బరువుగా, గుచ్చుకుంటూ ఉండే గన్‌ని మనిషి నెల తిరక్కుండానే కారు డ్యాష్‌బోర్డులో పడేస్తాడు, అక్కడి నుంచి దాన్ని దొంగ ఎత్తుకుపోతాడు.

అసలు విషయంలోకి వెళ్లేముందు ఒక సంగతి, ఇది దయచేసి వదిలేయకుండా చదవండి. ఇక్కడ మాస్టర్స్ చేస్తున్న మా అన్నయ్య కొడుకు ఒకసారి "బాబాయ్, టెక్సస్‌లో లైసెన్సు కూడా అక్కర్లేదంట కదా, నేనూ ఒకటి కొనుక్కుంటా" అన్నాడు. "వద్దురా, నీకు కుదరదు" అని గట్టిగా చెప్పాను. 2021 సెప్టెంబర్ 1 నుంచి ఇక్కడ 21 ఏళ్లు దాటినవాళ్లు, చట్టం అడ్డు లేకపోతే, లైసెన్సు లేకుండా గన్ పెట్టుకోవచ్చన్నది నిజమే. కానీ ఎఫ్-1, హెచ్-1బి, విజిటర్ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకి ఫెడరల్ చట్టమే అడ్డం. కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడమూ నేరమే. 15 ఏళ్ల దాకా జైలు పడొచ్చు, ఆ తర్వాత దేశం నుంచి పంపించేయొచ్చు. వేట లైసెన్సు ఉన్నవాళ్లకి లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ, స్నేహితుడెవరో చెప్పాడని వాటిని నమ్ముకోకండి, లాయర్ని అడగండి. నేను గ్రీన్ కార్డు చేతికొచ్చాకే కొన్నాను. గ్యాస్ స్టేషన్లలో మన పిల్లల మీద కాల్పులు జరిగాయన్న వార్త విన్నప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది. అయినా సరే, వీసా మీద ఉన్న పిల్లాడి చేతిలో గన్ పెట్టడం వాడికి రక్షణ కాదు.

ఇక గన్. 9 ఎంఎం, మ్యాగజైన్‌లో (పిడిలో దూర్చే తూటాల డబ్బా) 10 రౌండ్లు, అంటే తూటాలు, చాంబర్‌లో (బ్యారెల్ వెనక, కాల్చడానికి తూటా కూర్చునే చోటు) ఒకటి. బ్యారెల్, అంటే గొట్టం, 3.41 అంగుళాలు, మందం అంగుళానికి కాస్త ఎక్కువ. ఖాళీ మ్యాగజైన్‌తో 530 గ్రాములు, నిండా రౌండ్లతో 650 గ్రాముల చిల్లర. కొనేముందు షూటింగ్ రేంజ్‌లో అద్దెకు తీసుకుని చాలా గన్‌లు కాల్చి చూశాను. రూగర్ ఎల్‌సీపీ లాంటి పాకెట్ పిస్టల్ పెట్టుకోవడానికి అద్భుతం, జేబులో ఉన్న సంగతే మర్చిపోతాం. కాల్చేటప్పుడు మాత్రం పట్టుకోవడానికి పిడి చాలదు, చిటికెన వేలు గాల్లో ఉంటుంది, .380 లాంటి చిన్న రౌండ్ అయినా అరచేతిలో గట్టిగా తంతుంది, ఒక పెట్టె కాల్చేసరికి ఇక చాలనిపిస్తుంది. చాలనిపించే గన్‌తో ఎవరూ ప్రాక్టీస్ చేయరు. దానికి పూర్తిగా ఎదురు గ్లాక్ 19. 1988 నుంచి ఉన్న మోడల్, 15 రౌండ్లు, కాలుస్తుంటే చేతికి ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. కానీ మందం ఎక్కువ. జులైలో ఇక్కడ ఎండ వంద డిగ్రీల ఫారన్‌హీట్ దాటినప్పుడు పల్చటి చొక్కా కింద దాన్ని దాచడం నా ఒంటికి కుదరదు. నా 43ఎక్స్ ఈ రెండిటికీ మధ్య ఉంటుంది. పిడి మూడు వేళ్లూ పట్టేంత పొడవు, మందం మాత్రం పల్చన. సిగ్ పీ365, స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ప్లస్, స్ప్రింగ్‌ఫీల్డ్ హెల్‌క్యాట్ కూడా ఇదే కోవలోవి, వాటిలో ఏది కొన్నా తప్పు లేదు. పీ365 ఇంకా చిన్నది, 2018లో అది వచ్చాకే ఇంత చిన్న గన్‌లో 10 రౌండ్లు పట్టించడం మొదలైంది. నా చేతులు పెద్దవి కాబట్టి నాకు 43ఎక్స్ పిడే కుదిరింది. మీ చేతికి ఏది కుదురుతుందో కౌంటర్ దగ్గర పట్టుకు చూస్తే తెలియదు, అద్దెకు తీసుకుని రెండు పెట్టెలు కాల్చాల్సిందే.

కొత్తగా కొనేవాళ్లంతా బ్యారెల్ పొడవు చూసి భయపడతారు. అసలు బయటికి కనపడేది బ్యారెల్ కాదు, పిడి. బ్యారెల్ ప్యాంటు లోపలికి పోతుంది, పిడి బెల్టు పైన ఉంటుంది, వంగినప్పుడు చొక్కాని పొడుచుకొచ్చేది దాని వెనక కొనే. ఇంకో విచిత్రం, బ్యారెల్ కొంచెం పొడవుంటే కొందరికి ఇంకా బాగా దాగుతుంది, ఎందుకంటే కింద ఉన్న పొడవు తొడకి ఆనుకుని పై భాగాన్ని పొట్ట వైపు నెడుతుంది. 43ఎక్స్‌తో పాటే వచ్చిన గ్లాక్ 48కి పిడి అదే, బ్యారెల్ మాత్రం 4.17 అంగుళాలు. పొడగరి, సన్నగా ఉండే మా ఫ్రెండ్‌కి అదే బాగుంది. నాకు పొట్ట ఉంది, కూర్చుంటే ఆ అదనపు పొడవు తొడ మొదట్లో నొక్కుకుంటుంది.

ఎక్కడ పెట్టుకోవాలన్నది ఇంకా పెద్ద గొడవ. మొదట కుడి పక్కన, కాస్త వెనగ్గా, గడియారంలో నాలుగు గంటల చోట పెట్టుకున్నాను. నిలబడ్డప్పుడు ఏమీ తెలియదు, చాలా హాయి. కానీ స్టోర్ పని అంటే నిలబడటం ఒక్కటే కాదు కదా, కూలర్ కింది అరలో వాటర్ బాటిళ్లు సర్దాలి, పాల డబ్బాల డేట్లు చూడాలి, వంగినప్పుడల్లా వెనక చొక్కా బిగిసి గన్ ఆకారం అంతా బయటపడుతుంది, దాన్ని నేను చూడలేను, నా వెనక లైన్లో ఉన్నవాడు చూస్తాడు. పైగా వెనక నుంచి ఎవరైనా చెయ్యి వేస్తే ఆపడం కష్టం. అందుకని ముందుకి, బొడ్డుకి కాస్త కుడిగా మార్చాను. ఇక్కడ వంగితే చొక్కా వదులై ముందుకి వేలాడుతుంది, గన్ కనపడదు, కారులో సీటు బెల్టు పెట్టుకున్నా చెయ్యి అందుతుంది. ఇబ్బంది కూర్చున్నప్పుడే. హైవే మీద మూడు నాలుగు గంటల డ్రైవ్‌లో పొట్టలో గుచ్చుకుంటుంది, అప్పుడు బెల్టు ఒక రంధ్రం వదులు చేస్తాను. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం మాత్రం కుదరనే కుదరదు. అందుకే ఎవరింట్లోనైనా వ్రతం, పూజ ఉంటే గన్ ఇంట్లో సేఫ్‌లో పెట్టే వెళ్తాను. పంచె కట్టినా, లాల్చీ పైజమా వేసినా అంతే. బెల్టు లేని బట్టల మీద గన్ వద్దు.

నేను అసలు ప్రాణం పెట్టి చెప్పాలనుకున్నది హోల్‌స్టర్, అంటే గన్ పెట్టుకునే ఒర, గురించి. గన్‌కి 450 డాలర్ల పైన పెట్టినవాళ్లు పాతిక డాలర్ల గుడ్డ హోల్‌స్టర్ కొంటారు, వారం తర్వాత "గన్ కంఫర్టబుల్‌గా లేదు" అంటారు. కంఫర్ట్ లేనిది గన్ వల్ల కాదు, హోల్‌స్టర్ వల్ల. నేను మొదట కొన్న మెత్తటి హోల్‌స్టర్, ఏ కంపెనీదో అనవసరం, గన్ బయటికి తీయగానే నోరు మూసుకుపోయేది, తిరిగి పెట్టాలంటే రెండో చెయ్యి కావాలి, చెమటకి మెత్తబడి ట్రిగ్గర్ ఉన్న చోట కూడా వంగేది. అది నేరుగా చెత్తబుట్టలోకి పోయింది. ఇప్పుడు వాడేది కైడెక్స్, అంటే గట్టి ప్లాస్టిక్ షీటుని వేడి చేసి సరిగ్గా ఆ గన్ ఆకారంలో అచ్చు పోసినది. అది పక్కాగా ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పుతుంది. ఇది సౌకర్యం కోసం కాదు, ప్రాణం కోసం. గ్లాక్‌కి బొటనవేలితో నొక్కే సేఫ్టీ ఉండదు. లోపల మూడు సేఫ్టీలు ఉంటాయి, కింద పడితే పేలదు, కానీ ట్రిగ్గర్ నొక్కుకుంటే పేలుతుంది, నొక్కింది వేలా, చొక్కా అంచా, జాకెట్ తాడా అన్నది దానికి తెలియదు. అందుకే గన్ తిరిగి పెట్టేటప్పుడు చొక్కా పూర్తిగా పైకెత్తి, కళ్లతో చూస్తూ, నెమ్మదిగా పెట్టండి. తీయడానికి తొందర ఉండొచ్చు, పెట్టడానికి ఎప్పుడూ ఉండదు. రాత్రి నేను హోల్‌స్టర్ నుంచి గన్ తీయనే తీయను, హోల్‌స్టర్‌తో సహా ఊడదీసి సేఫ్‌లో పెడతాను.

ఆ హోల్‌స్టర్‌కి రెండు చిన్న భాగాలు ఉంటాయి, అవి లేకుండా కొనకండి. ఒకటి బెల్టుకి ఆనుకుని పిడిని ఒంటి వైపు తిప్పే ముక్క, క్లా అంటారు. రెండోది కింది భాగంలో, ఒంటి వైపు అంటించే మెత్తటి దిండు లాంటిది, వెడ్జ్. ఈ దిండు అంటించిన రోజు నుంచి గన్ మొన తొడలోకి గుచ్చుకోవడం తగ్గింది, పిడి పొట్టలోకి ఒదిగింది. ఇక బెల్టు. మామూలు తోలు బెల్టు గన్ బరువుకి ముందుకి వాలిపోతుంది. లోపల గట్టి ప్లాస్టిక్ పట్టీ ఉన్న గన్ బెల్టులు దొరుకుతాయి, 60, 70 డాలర్లు పెట్టి అది తీసుకోండి. ప్యాంటు కూడా నడుము ఒక అంగుళం పెద్దది కొనాలి. చొక్కా ముదురు రంగు, గళ్లు లేదా పూలు ఉన్నది అయితే మంచిది, ఒంటికి అతుక్కునే తెల్ల టీషర్టులో ఏ గన్నూ దాగదు.

కాల్చడం సంగతి. చిన్న గన్ కాబట్టి గ్లాక్ 19 కన్నా తన్ను ఎక్కువ, ఇది భౌతికశాస్త్రం, ఏ కంపెనీ గన్ అయినా అంతే. అయినా 7 గజాల దూరంలో నా గుళ్లు అరచేయంత చోటులో పడతాయి, స్టోర్ కౌంటర్ నుంచి తలుపు దాకా ఉండేది అంత దూరమే. టెక్సస్ లైసెన్సు పరీక్షలో 3, 7, 15 గజాల నుంచి 50 రౌండ్లు కాల్పిస్తారు, 250కి 175 మార్కులు వస్తే పాస్. లైసెన్సు తప్పనిసరి కాకపోయినా నేను తీసుకున్నాను, వేరే కొన్ని రాష్ట్రాల్లో పనికొస్తుంది, క్లాసులో చట్టం నేర్పిస్తారు. న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో మాత్రం మన టెక్సస్ లైసెన్సు చెల్లదు, ఎడిసన్‌లో ఉన్న అక్కావాళ్లింటికి వెళ్తే గన్ ఇక్కడే ఉంటుంది. ఇక్కడ కూడా బార్ల ముందు ఎర్ర అంకెల్లో 51% అని ఉన్న బోర్డు, కొన్ని షాపుల ముందు 30.06 బోర్డు చూడటం అలవాటు చేసుకోండి, రెండూ గన్ లోపలికి వద్దని చెప్పేవే. పోస్టాఫీసు లోపలికి అసలు తీసుకెళ్లకండి.

చెమట గురించి ఎవరూ చెప్పరు. వేసవిలో గన్ నా పొట్టకి ఆనుకుని రోజుకి పది పన్నెండు గంటలు ఉంటుంది. గుడ్డ నూగు బ్యారెల్ మూతిలోకి, వెనక సైట్ (గురి చూసే గుర్తు) సందుల్లోకి చేరుతుంది. నెలకి రెండుసార్లయినా విప్పి బ్రష్ చేసి, పల్చగా ఆయిల్ రాస్తాను. గ్లాక్ విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కాలి, కాబట్టి మ్యాగజైన్ తీసి, చాంబర్‌ని కంటితో చూసి, వేలితో తడిమి, అప్పుడు మాత్రమే. ఇంకొకటి, శుభ్రం చేసినప్పుడల్లా చాంబర్‌లో అదే రౌండ్ మళ్లీ మళ్లీ ఎక్కిస్తే దాని కొసన ఉన్న బుల్లెట్ లోహపు కేసు (తూటా గొట్టం) లోపలికి దిగబడుతుంది, అది ప్రమాదం. ఆ రౌండ్‌ని పక్కన ఇంకోదానితో పోల్చి చూడండి, పొట్టిగా కనిపిస్తే వాడకండి. నేను మార్చింది సైట్లు ఒక్కటే, మా పార్కింగ్ చీకటి కాబట్టి రాత్రి మెరిసే ట్రిటియం సైట్లు పెట్టించాను. 15 రౌండ్లు పట్టే బయటి కంపెనీల మ్యాగజైన్లు దొరుకుతాయి, రేంజ్‌లో సరదాకి సరే, నడుము మీద మాత్రం గన్‌తో వచ్చిన 10 రౌండ్లవే.

మా ఆవిడకి ఈ గన్ నచ్చలేదు, స్లయిడ్ (రౌండ్ ఎక్కించడానికి వెనక్కి లాగే పై భాగం) లాగడం కష్టంగా ఉందంది. ఆమెకి షీల్డ్ ఈజెడ్ (EZ, అంటే ఈజీ) తీసుకున్నాం, పేరుకి తగ్గట్టే స్లయిడ్ సులువుగా వస్తుంది, వేళ్లలో బలం తక్కువున్నవాళ్లకి, వయసు మీద పడ్డవాళ్లకి అదే చెప్తాను. హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంటానంటే నేనొప్పుకోలేదు, బ్యాగ్ కుర్చీ మీద పెట్టి పక్కకెళ్తాం, పిల్లలు చాక్లెట్ కోసం చెయ్యి పెడతారు. ఇంట్లో పిల్లలుంటే సేఫ్ లేకుండా గన్ కొనకండి, 17 ఏళ్లలోపు పిల్లల చేతికి అందేలా వదిలేస్తే టెక్సస్ చట్టం ప్రకారం కేసు మీ మీదే.

ఇండియా వెళ్లేవాళ్లకి కూడా ఒక మాట. రేంజ్‌కి వాడే బ్యాగ్‌ని ఎప్పటికీ రేంజ్ బ్యాగ్‌గానే ఉంచండి. జిప్పు మూలలో మర్చిపోయిన ఒక్క రౌండ్ శంషాబాద్ స్కానర్‌లో కనపడితే ఆయుధాల చట్టం కింద కేసు, అమ్మానాన్నల్ని చూడ్డానికి పెట్టిన సెలవంతా పోలీస్ స్టేషన్ చుట్టూ. పైగా 9 ఎంఎం అక్కడ మామూలు జనానికి నిషేధించిన బోర్ (గొట్టం లోపలి కొలత). సూట్‌కేసులు వేరు, రేంజ్ బ్యాగ్ వేరు, గ్యారేజ్‌లో రెండూ ఒక అల్మరాలో కూడా పెట్టను.

ఇది ఎవరికి వద్దంటే, చిన్న చేతులున్నవాళ్లు ముందు పీ365 కాల్చి చూడండి. ఇంటి కోసం మాత్రమే గన్ కావాలనుకునేవాళ్లకి ఇంత చిన్నది అనవసరం, పెద్ద గన్ కాల్చడం తేలిక. నాలాగా పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడి, వంగి, బరువులెత్తి పనిచేస్తూ గన్ ఒంటి మీద ఉంచుకోవాల్సినవాళ్లకి 43ఎక్స్ నిశ్చింతగా తీసుకోమంటాను. బడ్జెట్‌లో మాత్రం హోల్‌స్టర్‌కీ, బెల్టుకీ కలిపి ఇంకో 150 డాలర్లు, ప్రాక్టీస్ రౌండ్లకి మరికొంత ముందే పక్కన పెట్టుకోండి.