హన్మకొండలో నావిక్ కోచింగ్: గ్రౌండ్ భేష్, కాగితాల దగ్గరే లోటు

కోస్ట్ గార్డ్ (తీర రక్షక దళం)లో నావిక్, అంటే నావికుడి జనరల్ డ్యూటీ ఉద్యోగం కోసం హన్మకొండలో నడుస్తున్న ఈ బ్యాచ్‌లో అన్నిటికన్నా బాగున్నది పొద్దుటి గ్రౌండే. ఫిజికల్‌లో 1.6 కిలోమీటర్లు 7 నిమిషాల్లో పరుగెత్తాలి, 20 బస్కీలు, 10 దండీలు తీయాలి. 400 మీటర్ల ట్రాక్ మీద అది 4 రౌండ్లు, అంటే రౌండుకు 105 సెకన్లు. పిల్లలు ఉత్సాహంలో మొదటి రౌండు 80 సెకన్లకే కొట్టేసి మూడో రౌండులో చతికిలపడతారు. అందుకే కోచ్ స్టాప్‌వాచ్ పట్టుకుని గీత దగ్గరే నిలబడతాడు. 95 సెకన్లకన్నా ముందొచ్చినవాణ్ని కేకేసి నెమ్మది చేయిస్తాడు. పరుగు అవ్వగానే, ఊపిరి కుదుటపడకముందే బస్కీలు మొదలు. పద్ధతంటే ఇది.

రాతపరీక్షలో మొదటి సెక్షన్ 60 ప్రశ్నలు, 45 నిమిషాలు. జనరల్ డ్యూటీ వాళ్లకు రెండో సెక్షన్‌లో లెక్కలు, ఫిజిక్స్ కలిపి 50 ప్రశ్నలు, 30 నిమిషాలు. పేపర్‌లో తెలుగు ఉండదు. ఫిజిక్స్ సారు బోర్డు మీద జడత్వం పక్కన ఇనర్షియా, వక్రీభవనం పక్కన రిఫ్రాక్షన్ అని రెండు వరసల్లో రాయిస్తున్నారు. సర్కారు కాలేజీలో తెలుగు మీడియం చదివిన పిల్లలకు ఇంతకన్నా మేలు లేదు. మాక్ టెస్టుల్లో మాత్రం సైన్యంలో చేరే అగ్నివీర్ పరీక్షల అలవాటుతో నెగటివ్ మార్కులు పెడుతున్నారు. నావిక్ పరీక్షలో నెగటివ్ మార్కులే లేవు. తప్పుతుందేమోనని పది ప్రశ్నలు వదిలేసే భయం ఇక్కడే అంటుకుంటోంది. వెంటనే మార్చాలి.

ఉద్యోగం గురించి చెప్పే క్లాసు చాలా విలువైనది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు మన ప్రాదేశిక జలాలు. 200 నాటికల్ మైళ్ల దాకా చేపల మీద హక్కు మనదే. కానీ పాక్ జలసంధిలో శ్రీలంక అంత దూరం లేదు కాబట్టి 1974, 1976 ఒప్పందాలతో సముద్రం మీద సరిహద్దు గీశారు. ఆ ద్వీపదేశంలో ఇదే పనికి 2009 చట్టంతో వేరే కోస్ట్ గార్డ్ శాఖ వచ్చింది. అనుమానం వచ్చిన పడవ ఎక్కాక ముందు మనుషులను ఒకచోట చేర్చి లెక్కపెట్టడం, ఆ తర్వాతే కాగితాలు, చేపల గది చూడటం వరసగా చెప్పారు. అలాంటి క్లాసు నెలకు ఒక్కటే పెడితే ఎలా?

అసలు లోటు సర్టిఫికెట్లు, మెడికల్ విషయంలో. ఓబీసీ పిల్లలకు కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి, మీసేవలో మామూలుగా తీసుకునే కుల పత్రం చాలదు. ఇక్కడ బీసీలైన కొన్ని కులాలు కేంద్ర జాబితాలోనే లేవు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉంటే వెరిఫికేషన్‌లో ఇబ్బందే. ఇవి చేరిన మొదటి వారమే చూడాలి, ఈ సెంటర్ చూడటం లేదు. చేరేవాళ్లు ఇంట్లోనే తడి కాలితో సిమెంటు నేల మీద అడుగు వేసి చూసుకోండి. అరికాలు మొత్తం అచ్చు పడితే అది చదును పాదం (ఫ్లాట్ ఫుట్) కావచ్చు, ముందుగా ఎముకల డాక్టర్ని కలవండి. మెడికల్‌కు వెళ్లే ముందు చెవుల్లో గుమిలి కూడా తీయించుకోండి.