పాత అవుట్‌బోర్డ్‌కి ముల్లు ట్యాకోమీటర్: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

అవుట్‌బోర్డ్ అంటే బోటు వెనకాల బయట తగిలించే మోటారు, అది నిమిషానికి ఎన్ని చుట్లు (ఆర్‌పీఎం) తిరుగుతోందో చూపించే మీటరే ట్యాకోమీటర్. ముందే చెప్పేస్తాను, ఈ మీటరు కొనొచ్చు. కానీ పనిచేయని పాత మీటరు తీసేసి దాని చోట పెట్టడానికే కొంటున్నట్లయితే, డబ్బు కట్టే ముందు ఒక మల్టీమీటర్ పట్టుకుని బోటులో అరగంట కూర్చోండి. పాత మోటార్లలో ముల్లు కదలడం లేదంటే చాలాసార్లు మీటరు బాగానే ఉంటుంది, దానికి సిగ్నలే అందదు. అలాంటప్పుడు మీటరు మార్చడమంటే అత్త మీద కోపం దుత్త మీద చూపించడమే.

నాది 1990ల నాటి 90 హార్స్‌పవర్ టూ స్ట్రోక్. ఫ్లోరిడాలో ఉప్పునీళ్లలో తిరిగిన మోటారు, నా దగ్గరికి వచ్చాక అట్లాంటాకి ఉత్తరాన ఉన్న లేక్ లేనియర్ సరస్సులో మంచినీళ్లలోనే నడుస్తోంది. అయినా ఉప్పు చేసిన పని వైర్ల జాయింట్లలో ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. మీటరు 0 నుంచి 7000 వరకు గీతలున్న మామూలు రకం, వెనకాల చిన్న సెలెక్టర్ ఉంటుంది.

ఆ సెలెక్టర్ సంగతి తెలియకపోతే సగం గందరగోళం అక్కడే. ఈ మోటార్లలో ఆర్‌పీఎం లెక్క ఛార్జింగ్ వ్యవస్థ నుంచి వస్తుంది. ఫ్లైవీల్ (మోటారుతో పాటు తిరిగే బరువైన చక్రం) లోపలి అయస్కాంతాలు స్టేటర్ (కదలని తీగచుట్టలు) చుట్టూ తిరిగినప్పుడు పుట్టే ఏసీ కరెంటు పల్సులనే మీటరు లెక్కపెడుతుంది. 12 పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉంటే ఒక్క చుట్టుకి 6 పల్సులు. ఆ లెక్క మీటరుకి చెప్పేదే సెలెక్టర్. కొన్ని మీటర్ల మీద పోల్స్ రాస్తారు, కొన్నిటి మీద పల్సులు రాస్తారు, అదొక తలనొప్పి. 6 పల్సుల మోటారుకి సెలెక్టర్ 4 పల్సుల మీద ఉందనుకోండి, 4000 దగ్గర నడుస్తున్నా ముల్లు 6000 చూపించి టెన్షన్ పెడుతుంది. కాబట్టి బిగించే ముందే మోటారు సర్వీస్ మాన్యువల్ చూసుకోవాలి.

నా మీటరుకి వచ్చిన మొదటి జబ్బు ముల్లు ఊగడం. అలల మీద బోటు ఎగిరినప్పుడల్లా 3000 నుంచి సున్నాకి పడి మళ్లీ లేచేది. కారణం ఆ సెలెక్టరే, లోపలి కాంటాక్ట్ మీద చిలుము పట్టింది. తాళం ఆపేసి, సన్న స్క్రూడ్రైవర్‌తో దాన్ని అటూ ఇటూ పదిసార్లు తిప్పి మళ్లీ 6 మీద పెడితే ముల్లు నిలబడింది. పైసా ఖర్చు లేదు. అయితే ఏడాదికోసారి ఈ సేవ చేయాల్సి వస్తోంది. ఈ మీటరులో నాకు నచ్చనిది ఇదే.

రెండోసారి ముల్లు పూర్తిగా పడుకుంది. తాళం తిప్పి ఊదా వైరుకీ నల్ల వైరుకీ మధ్య చూస్తే 12 వోల్టులు వస్తున్నాయి, అంటే మీటరుకి కరెంటు ఉంది. మోటారు స్టార్ట్ చేసి బూడిద రంగు సిగ్నల్ వైరు మీద ఏసీ వోల్టులు చూస్తే దాదాపు ఏమీ లేవు. (యమహా అయితే సిగ్నల్ వైరు ఆకుపచ్చ, కరెంటు వైరు పసుపు.) అదే సమయంలో బ్యాటరీ దగ్గర 12.3 మించడం లేదు. మోటారు నడుస్తుంటే అది 14కి అటూ ఇటూగా ఉండాలి. ముల్లు పోవడం, ఛార్జింగ్ పోవడం కలిసి వచ్చాయంటే మొదట చూడాల్సింది రెక్టిఫయర్, అంటే ఏసీ కరెంటుని బ్యాటరీకి పనికొచ్చే డీసీగా మార్చే భాగం. మల్టీమీటర్‌ని డయోడ్ టెస్టులో పెట్టి దాని తీగలు రెక్టిఫయర్ వైర్లకి ఒక వైపు పెడితే రీడింగ్ రావాలి, తిప్పి పెడితే రాకూడదు. నా దాంట్లో ఒక పసుపు వైరు ఎటు పెట్టినా ఏమీ చూపలేదు. రెక్టిఫయర్ మార్చగానే ముల్లు లేచింది, బ్యాటరీ కూడా ఎక్కడం మొదలైంది. కొత్తది మళ్లీ పోకూడదంటే మోటారు నడుస్తుండగా బ్యాటరీ స్విచ్‌ని ఆఫ్ వైపు తిప్పనివ్వకండి. పిల్లలు బోటు ఎక్కితే చేతులు ముందు దాని మీదకే వెళ్తాయి.

మీటరు కరెక్టుగా చూపిస్తోందా అని అనుమానం వస్తే, చేతిలో పట్టుకునే లేజర్ ట్యాకోమీటర్ తీసుకోండి. ఫ్లైవీల్ మీద మెరిసే టేపు ముక్క అంటించి, ఐడిల్‌లో పోల్చి చూస్తే సరిపోతుంది. కవర్ తీసి ఉంటుంది కాబట్టి వదులు చొక్కా చేతులు, చున్నీలు దూరంగా ఉంచాలి. నీటి పైపు తగిలించి ఇంటి ముందు నడిపేటప్పుడు మాత్రం ఆర్‌పీఎం పెంచకూడదు.

ఇంత శ్రమ ఎందుకంటే, పాత టూ స్ట్రోక్‌కి ఈ ముల్లే నాడి. నా మోటారు ఫుల్ థ్రాటిల్‌లో 5000 నుంచి 5500 మధ్య తిరగాలి. మీటరు బాగయ్యాక కుటుంబమంతా ఎక్కినప్పుడు చూస్తే 4600 దాటడం లేదు. బరువు లాగలేక మోటారు ఒగురుస్తోందన్నమాట. 19 పిచ్ ప్రొపెల్లర్ తీసి 17 వేశాను (పిచ్ అంటే ప్రొపెల్లర్ ఒక్క చుట్టుకి లెక్క ప్రకారం ముందుకి వెళ్లే దూరం, అంగుళాల్లో). పిచ్ ఒక అంగుళం తగ్గితే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది, ఇప్పుడు నిండు బోటుతో 5000 దాకా వెళ్తోంది.

ఇక చిన్న చిన్నవి. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా అంకెలు బాగా కనిపిస్తాయి. చలికాలం పొద్దున అద్దం లోపల ఆవిరి పడుతుంది, ఎండెక్కితే పోతుంది. బల్బు వెలుగు నామమాత్రమే, ఎల్ఈడీ వేసుకున్నాను. కంప్యూటర్ ఉన్న కొత్త మోటార్ల వాళ్లు కొనేముందు ఆ మోటారుకి ఇలాంటి మీటరు పనిచేస్తుందో లేదో అడిగి తెలుసుకోండి, చాలావాటిలో సమాచారమంతా డిజిటల్ కేబుల్‌లోనే వెళ్తుంది.