ఏడేళ్లు వాడాక మా వాటర్ సాఫ్ట్‌నర్ సంగతి

మాది గుంటూరు, విద్యానగర్. మా బోరు నీళ్లకు సబ్బు నురగ రాదు, కందిపప్పు ఓ పట్టాన ఉడకదు, గీజరు విప్పితే పెచ్చులు పెచ్చులుగా సున్నం. హార్డ్‌నెస్ (నీళ్లలో కరిగిన క్యాల్షియం, మెగ్నీషియం) లీటరుకు 600 మిల్లీగ్రాముల దగ్గర తేలింది, వేరే దారి లేకపోతే తాగొచ్చని బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ఒప్పుకునే ఆఖరి గీత అది. అందుకే 25 లీటర్ల రెజిన్ (హార్డ్‌నెస్‌ను పట్టేసే సన్న పూసలు) పట్టే సాఫ్ట్‌నర్ పెట్టించా. రెండు వేల లీటర్లకోసారి నాలుగు కిలోల దాకా ఉప్పు కలిపిన నీళ్లతో కడగాలి, అంతే. నాలుగేళ్లు హాయిగా గడిచిపోయింది.

ఐదో ఏడు మేడమీద షవరు సన్నబడింది. మోటారు పోయిందేమోనని మెకానిక్‌కు డబ్బులు తగలేశాక, చివరికి సిలిండరు విప్పిస్తే రెజిన్ ఉబ్బి పైదాకా వచ్చి ఉంది. కొత్తలో ఆవగింజలో సగం ఉండే తేనెరంగు పూసలు, గట్టిగా నొక్కినా నలిగేవి కావు. ఇప్పుడు వేళ్ల మధ్య ఉడికిన సగ్గుబియ్యంలా చితికిపోయాయి. తప్పు నాదే, సంపులో పాచి పడుతోందని వారం వారం గుప్పెడు బ్లీచింగ్ పౌడరు వేసేవాణ్ని, దాన్నుంచి వచ్చేది క్లోరినే.

ఆ పూస పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్. క్యాల్షియం, మెగ్నీషియం పట్టుకుని సోడియం వదలాలని దానికి సల్ఫోనిక్ గ్రూపులు తగిలిస్తారు, కానీ అవి తగిలాక ఆ గొలుసులు నీళ్లలో కరిగిపోతాయి కదా, కరగకుండా డైవినైల్‌బెంజీన్‌తో ఒకదానికొకటి ముడేస్తారు. క్లోరిన్ తెంపేది ఆ అల్లికనే. అది తెగేకొద్దీ పూస నీళ్లు తాగి ఉబ్బుతుంది, మెత్తబడి కిందవాటి మీద అణిగి దారి మూసేస్తుంది. సాఫ్ట్‌నర్లలో మామూలుగా వచ్చేది 8 శాతం క్రాస్‌లింకింగ్ (అంటే ఆ ముడులు), 10 శాతమైతే క్లోరిన్‌కు ఇంకాస్త ఓర్చుకుంటుంది. "రెజినంటే రెజినేనండీ, శాతాలేంటి మధ్యలో" అన్నాడు అమ్మేవాడు. పట్టుబట్టి 10 శాతందే తెప్పించా, ముందు కార్బన్ ఫిల్టరు కూడా. మూడేళ్లయింది, పూసలు ఇంకా గట్టిగానే ఉన్నాయి.

పక్కింటి మాస్టారు టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన ఉప్పులన్నీ కలిపి చూపేది) ముంచి, అంకె తగ్గలేదని చూసి "నిన్ను మోసం చేశార్రా అబ్బాయ్" అన్నారు. ఒక ఉప్పు పోయి ఇంకోటి వస్తుంటే టీడీఎస్ ఎందుకు తగ్గుతుందండీ అని హార్డ్‌నెస్ చూసే చుక్కల కిట్టు తెచ్చి చూపించా, హార్డ్‌నెస్ ఉంటే ఎరుపు, పోతే నీలం: బోరు నీళ్లు ఎర్రగా తిరిగి చుక్క మీద చుక్క తాగాయి, సాఫ్ట్‌నర్ నీళ్లు మొదటి చుక్కకే నీలం. ఆయనిప్పుడు ధర అడుగుతున్నారు. తాగడానికి మాత్రం మేం ఆర్‌వో నీళ్లే వాడతాం, కరివేపాకు చెట్టుకు పాత బోరు నీళ్లే.